పూసల అల్లిక: ముందు నమూనా ముక్క, తర్వాతే నగ

నల్లపూసల గొలుసు మెడ మీద ఒదిగిపోవాలి. చెవి లోలకు పైభాగం ఆకారం చెడకుండా నిలబడాలి, కింద సరాలు మాత్రం ఊగాలి. చేతిపట్టీ మణికట్టు చుట్టూ తేలిగ్గా వంగాలి గానీ అంచులు మెలి తిరగకూడదు. ఈ మూడూ ఒకే కుట్టుతో కుదరవు. కొత్తగా అల్లేవాళ్లు ముందు రంగులు ఎంచుకుని, చేతికొచ్చిన కుట్టుతో నగ మొదలుపెట్టేస్తారు. సగం అయ్యాక అది అట్టముక్కలా బిగుసుకుపోతుంది, లేదా తాడులా జారిపోతుంది. అందుకే రంగు కంటే ముందు కుట్టు తేల్చుకోవాలి. దానికి ఒక్కటే దారి: అవే పూసలు, అదే దారం, అదే సూదితో తపాలా బిళ్లంత ముక్కలు వేర్వేరు కుట్లలో అల్లి, చేత్తో వంచి చూడటం.

సామాను కోసం హైదరాబాద్‌లో లాడ్ బజార్, బేగంబజార్ గానీ, సికింద్రాబాద్ జనరల్ బజార్ గానీ తిరగవచ్చు. ముత్యాలకైతే పత్తర్‌గట్టి. కొనేటప్పుడు 10, 12 నంబరు పూసల సూదులు, ఒక బార దారం వెంట తీసుకెళ్లండి. సన్న పూసల్లో 11 నంబరు అడగండి. అది సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది: 15 నంబరు ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా, 8 నంబరు 3 మిల్లీమీటర్ల దాకా. ప్యాకెట్‌లోంచి పది పూసలు సూదికి ఎక్కించి చూడండి. సూది మీద వరుస సమంగా లేకపోతే చేతిపట్టీకి ఆ పూసలు పనికిరావు, అంచు వంకరపోతుంది. వేలాడే సరాలకు మాత్రం హాయిగా వాడుకోవచ్చు. రంగును దుకాణంలోని లైటు కింద నమ్మకండి, బయటికొచ్చి ఎండలో చూడండి. ఒక నగకు కావలసిన పూసలన్నీ ఒకేసారి కొనండి. అదే రంగు మళ్లీ వెళితే ఒక ఛాయ తేడాగానే దొరుకుతుంది.

రంగు నిలుస్తుందా లేదా ఇంట్లోనే తేలిపోతుంది. తెల్లటి దూదిని నెయిల్ పాలిష్ రిమూవర్‌లో తడిపి నాలుగు గాజు పూసల్ని గట్టిగా రుద్దండి. ఇది పొయ్యికి దూరంగా చేయాలి, ముత్యాల మీద అసలు చేయకూడదు. దూదికి రంగు అంటితే అది పైపూత. ఇంకో పది పూసలు గుచ్చి, సగం కాగితంతో కప్పి, వారం రోజులు డాబా మీద ఎండలో పెట్టండి. కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా వస్తే ఆ రంగును మెడకు, మణికట్టుకు వాడకండి. మన ఎండా, చెమటా కలిస్తే బంగారు పూత అన్నిటికంటే ముందు పోతుంది.

దారం నైలాన్‌ది గానీ పాలిస్టర్‌ది గానీ తీసుకోండి. కుట్టుమిషను నూలు దారం వద్దు. పూస రంధ్రం అంచుకు రాసుకుని పీచు లేస్తుంది, చెమటకు చివుకుతుంది. నైలాన్ దారాన్ని మొదలుపెట్టకముందే రెండు చేతులతో గట్టిగా సాగదీసి, తేనెమైనం మీద ఒకసారి లాగండి. అప్పుడు సాగదీయకపోతే నగ పూర్తయ్యాక అదే సాగుతుంది. ఒకసారికి ఒక బార చాలు, అంతకు మించితే ప్రతి కుట్టుకీ చిక్కు పడుతుంది.

మొదటి ముక్క: పెయోటీ కుట్టు

దారం చివర జానెడు వదిలి, ఒక వేరే రంగు పూసలోంచి రెండుసార్లు సూది పోనివ్వండి. ఇది ఆపుడు పూస, చివర్లో తీసేస్తాం. ఇప్పుడు 10 పూసలు ఎక్కించండి. ఈ పదే మొదటి రెండు వరుసలు అవుతాయి. తర్వాత ఒక పూస తీసుకుని, చివరి పూసను వదిలేసి దాని పక్క పూసలోంచి సూది వెనక్కి పంపండి. మళ్లీ ఒకటి తీసుకోవడం, ఒకటి వదలడం, తర్వాతి దాంట్లోంచి పంపడం. ఇలా 5 పూసలతో ఒక వరుస పూర్తవుతుంది. ముక్క తిప్పి పట్టుకుంటే ఒక పూస పైకి, ఒక పూస లోపలికి, పళ్లలా కనిపిస్తాయి. ఇక ప్రతిసారీ పైకి పొడుచుకొచ్చిన పూసల్లోంచే సూది వెళ్లాలి.

మూడో వరుస అందరినీ విసిగిస్తుంది. పూసలు మెలి తిరిగి ఏది పైదో ఏది కిందదో తెలియదు. అప్పుడు దారం గట్టిగా లాగితే మెలిక అలాగే బిగిసిపోతుంది. లాగకుండా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముక్కను చదునుగా అదిమి పట్టుకుని ఇంకో రెండు వరుసలు వేయండి, దానంతట అదే సర్దుకుంటుంది.

20 వరుసలయ్యాక కొలవండి. జపాన్ గొట్టం పూసలు, అంటే మియుకి డెలికా 11 నంబరుతో అల్లితే వెడల్పు సుమారు 13 మిల్లీమీటర్లు, ఎత్తు 16 వస్తాయి. ఈ రెండు అంకెలతోనే నగ లెక్క మొత్తం తేలుతుంది. మణికట్టు చుట్టుకొలత 16 సెంటీమీటర్లు, వదులుకు ఒకటి, మొత్తం 17. కొక్కేనికి ఒకటిన్నర పోతే అల్లాల్సింది 15.5. 20 వరుసలకు నిలువుగా పది పూసలే వస్తాయి, అంటే ఒక్కో పూస ఎత్తు 1.6 మిల్లీమీటర్లు కాబట్టి నిలువుగా 97 పూసలు, పది నిలువు వరుసలకు 970. ఈ రకం గ్రాముకు సుమారు 200 వస్తాయి, అంటే 5 గ్రాములు. వంకర పూసలు ఏరి పారేయాలి కాబట్టి 7 కొనండి. మామూలు గుండ్రటి పూసలు గ్రాముకు 110 దాకానే వస్తాయి, కొలతలూ వేరు. వాటితో అల్లిన ముక్కను విడిగా కొలిచి ఇదే లెక్క వేసుకోండి.

ఇప్పుడు ముక్కను వంచండి. పూసల రంధ్రాలు ఏ దిశలో ఉన్నాయో ఆ దిశలో అది కర్రలా ఉంటుంది, దానికి అడ్డంగా చాపలా చుట్టుకుంటుంది. చేతిపట్టీలో రంధ్రాలు పట్టీ వెడల్పు వెంట ఉండాలనేది ఇందుకే.

ఇంకో ప్రయోగం ఇక్కడే చేయవచ్చు. వరుసల సంఖ్య సరిసంఖ్య అయితే మొదటి అంచు పళ్లు చివరి అంచు సందుల్లో జిప్పులా కూర్చుంటాయి. 12 వరుసల ముక్కను అగరుబత్తి పుల్ల చుట్టూ చుట్టి, ఆ పళ్లను ఒకదాని తర్వాత ఒకటి కుట్టేస్తే చిన్న గొట్టం తయారవుతుంది. ముత్యాల మధ్య గుచ్చడానికి అది ఎంతో బాగుంటుంది. 13 వరుసలు వేస్తే పళ్లకు పళ్లే ఎదురొస్తాయి, గొట్టం మూసుకోదు.

రెండో ముక్క: బ్రిక్ కుట్టు, దాంతో లోలకులు

పెయోటీ ముక్కను పక్కకు తిప్పితే ఇటుకల గోడలా కనిపిస్తుంది. బ్రిక్ కుట్టు అచ్చంగా అలాగే ఉంటుంది, దారం నడక మాత్రం వేరు. వరుస వరుసకూ ఒక్కో పూస తగ్గించడం ఇందులో చాలా తేలిక. అందుకే లోలకులకు దీన్ని మించింది లేదు.

11 నంబరు గుండ్రటి పూసలతో ముందు నిచ్చెన వేయండి. రెండు పూసలు ఎక్కించి, రెండింట్లోంచీ మరోసారి సూది తిప్పితే అవి పక్కపక్కన నిలబడతాయి. మూడోది ఎక్కించి, రెండో దాంట్లోంచి, మళ్లీ మూడో దాంట్లోంచి పోవాలి. ఇలా 11 పూసలు. చివరికొచ్చాక సూదిని పైకీ కిందికీ నడుపుతూ మొదటి పూస దాకా వెనక్కి వస్తే నిచ్చెన గట్టిపడుతుంది. వెడల్పు 22 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

ఇప్పుడు రెండో వరుస. నిచ్చెన పైఅంచున ప్రతి రెండు పూసల మధ్యా చిన్న దారం కనిపిస్తుంది. రెండు పూసలు ఎక్కించి, మొదటి దారాన్ని వదిలేసి రెండో దారం కింద నుంచి సూది తీసి, రెండో పూసలోంచి పైకి రండి. తర్వాత మొదటి పూసలోంచి కిందికి, మళ్లీ రెండో దాంట్లోంచి పైకి. ఈ తాళం వేయకపోతే అంచు పూస పక్కకు వాలిపోతుంది. అక్కణ్నుంచి ఒక్కో పూస, ఒక్కో దారం. వరుస చివరికి 10 పూసలు రావాలి. 11 వచ్చాయంటే మొదటి దారాన్నే పట్టుకున్నారని అర్థం. అలా నాలుగు వరుసలు పోతే త్రికోణం ఒక పక్కకు ఒరుగుతుంది, పైన ఎంత సర్దినా సరికాదు. ప్రతి వరుసా లెక్కపెట్టుకోండి.

రెండు పూసల వరుస దాకా వెళితే మొత్తం 65 పూసలు పడతాయి. ఆ రెండింటిలో ఒకదాంట్లోంచి పైకొచ్చి, 6 పూసలు ఎక్కించి రెండో దాంట్లోకి దిగితే చెవి కొక్కెం తగిలించే ఉంగరం అయింది. దాంట్లోంచి దారం మూడుసార్లు తిప్పండి. బరువంతా మోసేది అదే.

సరాలు నిచ్చెన పూసల్లోంచి దిగాలి. చివర ఒక 3 మిల్లీమీటర్ల ముత్యం, దాని కింద ఒక సన్న పూస. ఆ సన్న పూసను వదిలేసి, ముత్యంలోంచి, సరమంతటిలోంచి, అదే నిచ్చెన పూసలోంచి పైకి వచ్చి, పక్క నిచ్చెన పూసలోంచి కిందికి దిగాలి. పొడవులు 13, 15, 17, 19, 21, 23, ఆ తర్వాత అదే వరుసలో తగ్గుతూ 13. ఒక లోలకుకు 275 సన్న పూసలు, 11 ముత్యాలు. జతకు 5 గ్రాముల పూసలు సరిపోతాయి.

సరం ఊగకుండా పుల్లలా నిలబడితే దారం ఎక్కువ లాగారు. పైన దారం కనిపిస్తుంటే తక్కువ లాగారు. లోలకును వేలికి తగిలించి, సరాన్ని కిందికి వేలాడనిచ్చి, ఆ తర్వాతే దారం సరిచేయండి. బల్ల మీద పడుకోబెట్టి లాగితే అంచనా తప్పుతుంది. ముత్యాల రంధ్రం చాలా సన్నం. దారం రెండుసార్లు వెళ్లాలి కాబట్టి 12 నంబరు సూది దూరని ముత్యాన్ని దుకాణంలోనే పక్కన పెట్టేయండి. బలవంతంగా నెడితే రంధ్రం దగ్గర పొర లేస్తుంది.

మూడోది: రైట్ యాంగిల్ వీవ్

ఒంటికి ఒదిగే నగలకు ఇది. 4 పూసలు ఎక్కించి వలయం చేసి, ఏదో ఒక పూసలోంచి బయటికి రండి. 3 పూసలు తీసుకుని, బయటికొచ్చిన పూసలోంచే మళ్లీ వెళ్లి, కొత్త వాటిలో మొదటి రెండింట్లోంచి ముందుకు సాగండి. ఒక గడి, అంటే నాలుగు పూసల వలయం, కుడివైపు తిరిగితే తర్వాతి గడి ఎడమవైపు తిరుగుతుంది. నాలుగు పూసల మధ్య కూడలిలో దారం అడ్డంగా దూకకూడదు, ఎప్పుడూ పూసలోంచే మలుపు తిరగాలి. కూడలిలో దారం గీతలా కనిపించిందంటే తిరగాల్సిన దిశ తప్పింది, ఒక గడి విప్పండి.

ఇదే కుట్టును 4 మిల్లీమీటర్ల ముత్యాలతో అల్లి, కూడలి కూడలికీ ఒక 15 నంబరు బంగారు రంగు పూస అద్దండి. రూపం పూర్తిగా మారిపోతుంది, కొంచెం బిగుస్తుంది కూడా. పూసలు అద్దిన ముక్కనూ అద్దని ముక్కనూ పక్కపక్కన మణికట్టు మీద వేసుకుని చూస్తే మీకు ఏది కావాలో తెలుస్తుంది.

నల్లపూసలకు మెలి తాడు

నడుమ పూసలు 4 నల్లవి, పక్క పూసలు 3: నలుపు, 8 నంబరు బంగారం, నలుపు. ఏడూ ఎక్కించి, నడుమ నాలుగింట్లోంచి కింద నుంచి పైకి మళ్లీ వెళ్లండి. పక్క మూడింటినీ ఎడమకు తోయండి. ఇక ప్రతిసారీ 1 నడుమ పూస, 3 పక్క పూసలు ఎక్కించి, పైనున్న చివరి 4 నడుమ పూసల్లోంచి పైకి వచ్చి, కొత్త పక్క పూసల్ని పాతవాటి మీదుగా ఎడమకే తోయాలి. ఒక్కసారి కుడికి పడినా మెలి అక్కడ విరుగుతుంది, దూరం నుంచి కూడా కనిపిస్తుంది.

పది నడుమ పూసలు 14 మిల్లీమీటర్లు వస్తే 45 సెంటీమీటర్ల గొలుసుకు సుమారు 320 కుట్లు. అంటే 960 నల్లవి, 320 బంగారువి. ప్రతి నడుమ పూసలోంచి దారం నాలుగైదుసార్లు వెళుతుంది, అందుకే లావు దారం సగంలోనే ఆగిపోతుంది. సూది కదలకపోతే పట్టుకారుతో పీకకండి, పూస పగులుతుంది. సన్న సూదికి మారండి.

ప్రయోగాలు చేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి: పూస సైజో, దారమో, రంగుల వరుసో. రెండు ఒకేసారి మారిస్తే ముక్క ఎందుకు బాగుందో, ఎందుకు చెడిందో చెప్పలేరు. ప్రతి ముక్కనూ నోట్‌బుక్‌లో కుట్టేసి పక్కన పూస నంబరు, దారం, సూది, పది పూసల కొలత రాసుకోండి.

అల్లికలో ఒక పూస ఎక్కువ పడిందని చాలా వరుసల తర్వాత తెలిస్తే అంతా విప్పక్కర్లేదు. లావు సూదిని ఆ పూస రంధ్రంలో దూర్చి, పైన గుడ్డ కప్పి, పట్టుకారుతో నొక్కండి. లోపల సూది ఉండటం వల్ల గాజు ముక్కలు బయటికి విరుగుతాయి, దారం తెగదు. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకండి. పొడవాటి గొట్టం పూసలు వాడితే వాటికి రెండువైపులా ఒక్కో గుండ్రటి పూస పెట్టండి, లేకపోతే గొట్టం పూస అంచు బ్లేడులా దారాన్ని కోస్తుంది.

కొత్త దారం కలిపేటప్పుడు పాత దారం ఇంకా జానెడు ఉండగానే ఆపండి. కొత్తదాన్ని నాలుగైదు వరుసల కింద నుంచి అల్లికలో తిప్పుతూ తెచ్చి, దారి మధ్యలో రెండుచోట్ల ముడి వేయండి. మళ్లీ సూది వెళ్లాల్సిన పూస పక్కన ముడి వేయకూడదు, అది రంధ్రంలోకి జారి దారి మూసేస్తుంది.

కొలికి, కొక్కెం కుట్టేటప్పుడు దారం కనీసం నాలుగుసార్లు తిరగాలి. రెండో కొన వెంటనే కుట్టకండి. గొలుసు పొడవు కొలిచి, ఒక రాత్రంతా మేకుకు నిలువుగా వేలాడదీసి, పొద్దున మళ్లీ కొలవండి. అర సెంటీమీటరు సాగితే ఆ మేరకు చివరి కుట్లు విప్పి, అప్పుడు కొక్కెం కుట్టండి.