మడ అడవిలో మార్పును కొలవడం: ఉపగ్రహ చిత్రం, బురదలో ప్లాటు

ఉపగ్రహ చిత్రంలో మడ అడవి పచ్చబడితే వెంటనే సంతోషించకండి. గట్ల మీద పెరిగిన సర్కారు తుమ్మ కూడా అంతే పచ్చగా కనిపిస్తుంది. ఆ పచ్చదనం ఏ చెట్టుదో బురదలోకి దిగితేనే తెలుస్తుంది. కాకినాడ పక్కనున్న కోరింగనే తీసుకుందాం.

సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాల చిత్రాలు ఉచితం, 2015 నుంచి దొరుకుతాయి. మడ అడవిలోని తిల్ల చెట్లు ఆకు రాలుస్తాయి కాబట్టి ఏటా ఒకే నెల చిత్రాలనే పోల్చాలి. మబ్బులు తక్కువ ఉండే ఫిబ్రవరి మంచిది. పచ్చదనాన్ని అంకెలో చెప్పే సూచిక ఎన్‌డీవీఐ. దాని కోసం 8వ బ్యాండ్ (కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి) విలువలోంచి 4వ బ్యాండ్ (ఎరుపు కాంతి) విలువను తీసేసి, వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగించండి.

చాలామంది దెబ్బతినేది ఆటుపోట్ల దగ్గర. పోటు వేళ లేత మొక్కలు మునిగితే సూచిక పడిపోయి, అడవి నరికేసినట్టు కనిపిస్తుంది. ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతుంది. ఆ రోజు కాకినాడ ఆటుపోట్ల పట్టిక చూసి, నీరు తీసి ఉన్న వేళ చిత్రాలే ఉంచుకోండి.

ఇంకో చిక్కు: 2022 జనవరి 25 నుంచి వచ్చిన ఫైళ్లలో ప్రతి విలువకూ 1000 కలిపి ఉంటుంది. 8వ బ్యాండ్ 3000, 4వది 400 అయితే సూచిక 0.76. ఆ వెయ్యి తీసేయకపోతే 4000, 1400 అయి 0.48కి పడిపోతుంది. చెట్టు కదలలేదు, ఫైలే మారింది! పాత చిత్రాలను కూడా కొత్త పద్ధతిలో మళ్లీ తయారు చేశారు కాబట్టి, తేదీని నమ్మకుండా మెటాడేటాలో (ఫైలుతో వచ్చే వివరాల్లో) ఆఫ్‌సెట్, అంటే ఆ వెయ్యి కలిపారో లేదో చూడండి.

నేల మీద పనికి ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) 10 మీటర్లు, జీపీఎస్ తేడా మరో 5 మీటర్లు ఉండొచ్చు. అందుకే చెట్లు కొలిచేందుకు గుర్తు పెట్టుకునే ప్లాటు 10×10 మీటర్లు చాలదు, 30×30 వేయండి. పడవ ఆగే కాలువ ఒడ్డునే అన్నీ వేస్తే లోపలి అడవి లెక్కలోకి రాదు. చెట్టు చుట్టుకొలత 1.3 మీటర్ల ఎత్తున తీయాలి. ఉప్పు పొన్నకైతే అన్నిటికన్నా పైనున్న ఊతవేరుకు 30 సెంటీమీటర్ల పైన తీసి, అక్కడే రంగు గుర్తు పెట్టండి, వచ్చే ఏడూ అక్కడే కొలవాలి. తిల్ల పాలు కంట్లో పడితే ప్రమాదం, కళ్లద్దాలు తప్పనిసరి.

చేపలు పట్టే అడవి పిల్లి అయిన నీటిపిల్లి లాంటివి ఉపగ్రహానికి చిక్కవు, వాటికి కెమెరా కట్టాల్సిందే. కాండాల మీద ఎండిన బురద చార ఎంతవరకు ఉందో చూసి, దానికి బాగా పైన కట్టండి. లేదంటే పెద్ద పోటుకు మునిగిపోతుంది.

ప్రతి ప్లాటుకూ తేదీ, గడిపిన సమయం, పోటా పాటా అన్నది రాయండి. వెతికినా ఒక జాతి కనబడకపోతే సున్నా వేయండి. గడి ఖాళీగా వదిలితే, ఐదేళ్ల తర్వాత చూసేవారికి అది లేదో, వెతకలేదో తెలియదు.