రాలిన వెంట్రుక మొదలు చూశారా?

మా వంటింటి కిటికీ ఊచకు ఎప్పుడూ ఒక కవరు వేలాడుతుంటుంది. చిక్కు తీసుకున్నప్పుడల్లా వచ్చిన వెంట్రుకలు చుట్ట చుట్టి అందులో పడేస్తాం. 'చిక్కు వెంట్రుకలకు స్టీలు సామాన్లిస్తాం' అంటూ వీధిలోకొచ్చే అతనికి ఇచ్చి చిన్న గిన్నె తీసుకుంటాం. కిందటి దీపావళికి ఆ కవరు మూడు వారాల్లోనే నిండింది. డబ్బా వస్తుందని మా అత్తగారు సంబరపడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

షాంపూ మార్చాను, బోరు నీళ్ళను తిట్టాను. చివరికి చర్మం డాక్టరమ్మ అడిగింది ఒక్కటే: "మూడు నెలల కింద ఏమైందమ్మా?" ఆగస్టులో డెంగీ వచ్చింది.

చర్మం లోపల వెంట్రుక మొలిచే కుదురు నిరంతరం పనిచెయ్యదు. 2 నుంచి 6 ఏళ్ళు, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున వెంట్రుకను పెంచుతుంది. తర్వాత రెండుమూడు వారాల్లో ముడుచుకుని, ఓ మూడు నెలలు విశ్రాంతి తీసుకుని, పాతది వదిలేసి కొత్తది మొదలుపెడుతుంది. మామూలుగా పదింట తొమ్మిది కుదుళ్ళు పనిలోనే ఉంటాయి. గట్టి జ్వరమో కాన్పో కడుపు మాడ్చుకునే డైటింగో వస్తే చాలా కుదుళ్ళు ఒకేసారి పని మానేస్తాయి. అవి వదిలేసినవి మన దువ్వెనలోకి వచ్చేసరికి రెండుమూడు నెలలు పడుతుంది. అందుకే ముందు క్యాలెండరు వెనక్కి తిప్పండి.

తర్వాత రాలినవాటిలో ఓ పది తీసుకోండి. నేను తెల్ల కాగితం మీద పెట్టి ఏమీ కనబడక విసుక్కున్నాను. ముదురు నీలం జాకెట్టు గుడ్డ మీద పెడితే తెలిసింది: ఒక కొసన సూదిమొన కంటే కాస్త పెద్ద తెల్లటి బుడిపె. అది ఉంటే ఆ వెంట్రుక తన కాలం తీరి ఊడిందన్నమాట. రెండు కొసల్లోనూ లేకపోతే మధ్యలో తెగింది. తడి జుట్టు దువ్వడం, బిగుతు రబ్బరు బ్యాండు, స్ట్రెయిటెనింగ్ సంగతి చూసుకోండి.

తలంటుకున్న మర్నాడు 50, 60 వెంట్రుకల పాయను వేళ్ళ మధ్య పట్టి, మొదలు నుంచి కొసదాకా మెల్లగా లాగండి. పీకొద్దు. ఆరుకు మించి చేతికొస్తే ఎక్కువ రాలుతున్నట్టు. నాకు పదకొండు వచ్చాయి. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే. వారానికోసారి తలంటుకునేవాళ్ళకు ఆ రోజు గుత్తులుగా కనబడి టెన్షన్ పెడతాయి.

పాపిట వెడల్పవుతున్నా, రూపాయి బిళ్ళంత నున్నగా అయినా, పొక్కులున్నా ఇంట్లో లెక్కలు వేస్తూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికెళ్ళండి. నాకైతే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు రాశారు. ఐరన్ తక్కువని తేలింది.

కొబ్బరినూనె రాయొద్దనను, తెగకుండా కాస్త కాపాడుతుంది. కానీ బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. కుదురుకు తిండి అందేది రక్తం నుంచే. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందనేదీ అంతే. మొక్కుంటే కల్యాణకట్టకు వెళ్ళండి గానీ, కత్తి చర్మం మీదే ఆగిపోతుంది, కుదురు లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. కోసిన కొస మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

మార్చికి నా నుదుటి మీద పొట్టి వెంట్రుకలు లేచాయి. స్కేలు పెడితే నాలుగు సెంటీమీటర్లు, ఏ పిన్నుకూ లొంగవు. ఆ కవరుకు వచ్చిన స్టీలు డబ్బాలో మా అత్తగారు మెంతులు పోశారు.