కనురెప్పల సర్జరీ చేయించుకునేవారికి: ఇన్ఫెక్షన్ విషయంలో జాగ్రత్తలు

వేలాడే పై రెప్పనో, కంటి కింది సంచులనో సరిచేసే బ్లెఫరోప్లాస్టీ తర్వాత ఇన్ఫెక్షన్ రావడం అరుదు. రెప్పలకు రక్తప్రసరణ పుష్కలంగా ఉండడమే అందుకు ముఖ్య కారణం. అయినా ఏమరుపాటు పనికిరాదు. రెప్పకూ కంటి గూడుకూ మధ్య అడ్డుగా ఉండేది పల్చని పొర ఒక్కటే, కొవ్వు తీసేటప్పుడు చాలాసార్లు ఆ పొరనే తెరుస్తారు. ఇన్ఫెక్షన్ దాని వెనక్కి చేరితే కంటి నరం దెబ్బతిని చూపే పోవచ్చు.

షుగర్ అదుపులోకి వచ్చాకే తేదీ ఖాయం చేసుకోవాలి. రెప్ప మీద కురుపు గానీ, అంచుల్లో పొట్టు గానీ ఉంటే ముందు అది మానాలి. పెళ్లికి వారం ముందో, విదేశానికి తిరుగు ప్రయాణానికి ముందు రోజుల్లోనో ఈ సర్జరీ పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. కనీసం రెండు వారాలు సర్జన్ అందుబాటులో ఉన్న ఊళ్లోనే ఉండడం మంచిది.

తర్వాత ఆయింట్‌మెంట్ రాసే ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ట్యూబు మూతి కుట్లకు తగలనీయకూడదు. పెద్దవాళ్లు ప్రేమతో చెప్పినా సరే చనుబాలు, ఆముదం, పసుపు, నందివర్ధనం పూలు కంటి దగ్గరికి రానీయకండి. డాక్టరు చెప్పేదాకా కాటుక, ఈత, తలస్నానం మానాలి. కుళాయి నీళ్లలో ఉండే ఒక రకం మైకోబాక్టీరియా వల్ల, గాయం మానిందనుకున్న కొన్ని వారాలకు కుట్ల చోట గడ్డలు లేచిన సందర్భాలు ఉన్నాయి.

వాపు సాధారణంగా రెండు, మూడు రోజులు పెరిగి, ఆపైన తగ్గుముఖం పడుతుంది. అందుకే రోజూ ఉదయం ఒకే కిటికీ దగ్గర ఒక ఫోటో తీసుకుని, ఒక్కో కన్ను విడిగా మూసి గోడ మీది క్యాలెండర్ అంకెలు చదివి చూసుకోవాలి. తగ్గిన వాపు మళ్లీ పెరిగినా, కుట్ల వెంట ఎర్రని తడికి బదులు పచ్చని చీము కనిపించినా అదే రోజు సర్జన్‌కు చూపించాలి.

కన్ను తిప్పితే నొప్పి, గుడ్డు ముందుకు పొడుచుకు రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు మసకబారడం, జ్వరం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. చూడడానికి అంతగా లేని గాయం భరించలేనంత నొప్పి పెడుతూ, చర్మం ఊదారంగుకు మారి బొబ్బలు లేస్తే అది స్ట్రెప్టోకాకస్ వంటి బాక్టీరియా కణజాలాన్ని తినేస్తున్న లక్షణం కావచ్చు, అది గంటల్లో పాకుతుంది. మొదటి రోజే హఠాత్తుగా నొప్పి పెరిగి కన్ను రాయిలా బిగుసుకుపోతే, అది లోపలి రక్తస్రావం కావచ్చు గనుక అదీ అత్యవసరమే. సర్జన్ ఫోను ఎత్తకపోతే 108కి చేసి, సర్జరీ కాగితాలు, వాడుతున్న మందులు తీసుకుని, కంటి డాక్టరూ సీటీ స్కానూ ఉన్న ఆసుపత్రికి వెంటనే బయలుదేరండి.