ఖాళీ తూటా కేసుల శుభ్రత: లక్షణం, కారణం, పరిష్కారం

కాల్చిన తరువాత మిగిలే ఇత్తడి కేసును మళ్లీ నింపి వాడుకోవడానికి చట్టం అనుమతించే చోట, లైసెన్సు నిబంధనలకు లోబడి ఆ పని చేసేవారు శుభ్రతను మెరుపు కోసం చేసే పనిగా భావించకూడదు. మసి కింద దాగిన పగులును, అరుగుదలను కంటికి కనబడేలా చేయడమే శుభ్రత అసలు ప్రయోజనం. ఈ కింది వివరాలన్నీ ఆ దృష్టితో రాసినవే.

ఏరుకొచ్చిన వాటిలో పనికిరానివి కలిసిపోవడం

షూటింగ్ రేంజ్‌లో నిర్వాహకుల అనుమతితో ఏరిన కేసుల్లో పేలని తూటాలు, ఉక్కు కేసులు, అల్యూమినియం కేసులు కలిసి ఉండే అవకాశం ఉంది. పేలని తూటాను ఎట్టి పరిస్థితిలోనూ, కేసులను తిప్పుతూ శుభ్రపరిచే యంత్రమైన టంబ్లర్‌లో వేయకూడదు, అందుకే ప్రతి కేసు మూతిలోకి చూసిన తరువాతే దాన్ని లోపలికి పంపాలి. ఇత్తడి పూత పూసిన ఉక్కు కేసు చూపుకు మోసం చేస్తుంది గానీ అయస్కాంతానికి దొరికిపోతుంది; అల్యూమినియం అయస్కాంతానికి అంటదు కనుక దాన్ని బరువు, రంగులను బట్టి వేరుచేయాలి. 9 మిల్లీమీటర్ల కేసు అంతకన్నా వెడల్పైన .45 (అంగుళాల) కేసులో దూరి ఇరుక్కుంటే ఆ రెండూ శుభ్రపడవు.

ప్రైమర్‌ను, అంటే కేసు అడుగున ఉండి దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న మూతను, తీసే సూది వంగిపోతూ ఉంటే, అది బెర్డాన్ రకం కేసు కావచ్చు. టార్చితో లోపలికి చూస్తే బాక్సర్ రకానికి అడుగున నడుమ ఒక రంధ్రం, బెర్డాన్ రకానికి సాధారణంగా రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. బెర్డాన్ రకాన్ని సాధారణ పరికరాలతో మళ్లీ వాడుకోవడం శ్రమకు తగిన పని కాదు, పక్కన పెట్టేయడమే మేలు.

టంబ్లర్ ఎంతసేపు తిరిగినా మురికి పోకపోవడం

చాలాసార్లు కారణం ఒక్కటే: డబ్బాలో కేసులు ఎక్కువై, వాటికి కదిలే చోటు లేకపోవడం. పొడి పద్ధతిలో అయితే మొక్కజొన్న కండెల పొడి గానీ వాల్‌నట్ పెంకుల నూక గానీ మురికి పట్టి పనిచేయడం మానేసి ఉండవచ్చు, దాన్ని మార్చాలి. ప్రైమర్ గుంటలో మసి మిగిలిపోతే, ప్రైమర్‌ను ముందే తీసి ఆ తరువాత స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులతో తడి పద్ధతిలో కడగాలి.

బూడిదరంగు, గులాబీ రంగు, నీలి ఛాయ

కడిగిన కేసులన్నీ బూడిదరంగుకు తిరిగితే, వాటి మధ్య అల్యూమినియం కేసు ఉందేమో మొదట వెతకాలి. అదేమీ లేకపోతే నీరు మార్చి, సబ్బుతో పాటు కొద్దిగా సిట్రిక్ ఆమ్లం వేసి మళ్లీ కడిగితే సరిపోతుంది.

గులాబీ రంగు మరింత శ్రద్ధ కోరుతుంది. తూటా కేసుల ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. ఆమ్లం ఎక్కువైనా, అందులో ఎక్కువసేపు నానినా జింకు కరిగి రాగి రంగు పైకి వస్తుంది. లీటరు నీటికి ఒక టీ చెంచా సిట్రిక్ ఆమ్లం, పది నిమిషాల సమయం మించకుండా చూసుకుని, ఆపై మంచి నీటితో బాగా కడగాలి. అంతటా సమంగా పరుచుకున్న పలుచని గులాబీ ఛాయ సాధారణంగా పైపైన ఉండేదే. కానీ పచ్చని చిలుము పట్టిన చోటే మచ్చగా, గుంటగా కనిపిస్తే లోహం లోపల తినేసిందని అర్థం, ఆ కేసును వాడకూడదు.

మెడ దగ్గర కనిపించే నీలి ఛాయ మాత్రం లోపం కాదు. కర్మాగారంలో మెడను మెత్తబరచడానికి వేడిచేసినప్పటి గుర్తు అది.

తళతళలాడే కేసు నిల్వలో పగలడం

నా దృష్టిలో ఈ తప్పే అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే చేసేటప్పుడు ఫలితం అందంగానే కనిపిస్తుంది. లోహాలు తోమే పాలిష్‌లలో కొన్నిటిలో అమ్మోనియా ఉంటుంది. అది తయారీ సమయంలోని ఒత్తిడి లోపల నిలిచిపోయిన ఇత్తడిలో సన్నని పగుళ్లు పుట్టిస్తుంది. 19వ శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాల కేసులు వానాకాలంలో పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియాయే దానికి కారణమని 1921లో వివరించారు. సీసాపై అమ్మోనియా పేరు కనిపిస్తే ఆ పాలిష్‌ను ఈ పనికి ముట్టుకోవద్దు.

ఆరిన తరువాత మచ్చలు, రంధ్రంలో ఇరుక్కున్న పిన్నులు

మచ్చలు నీటిలోని లవణాల వల్ల వస్తాయి. చివరి కడుగుకు డిస్టిల్డ్ నీరు వాడి, తుడిచి, గాలి ఆడే చోట లోపలి తేమ కూడా పోయేవరకు ఉంచాలి. వేడితో త్వరపెట్టేవారు వంట ఓవెన్‌ను వాడకూడదు. ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు, ఎందుకంటే అతిగా వేడెక్కితే కేసు అడుగు మెత్తబడి పీడనాన్ని తట్టుకోలేదు. ఇక పిన్నుల విషయంలో, ఫ్లాష్ రంధ్రంలో (ప్రైమర్ నిప్పు కేసులోకి చేరే అడుగు రంధ్రంలో) జతగా ఇరుక్కున్నవాటిని ఒక్కొక్క కేసులోకి చూసి తీయడమే తప్ప దగ్గరిదారి లేదు.

పొడి టంబ్లర్ నుండి లేచే ధూళి

ప్రైమర్లలో ఎక్కువ భాగం సీసపు సమ్మేళనంతో తయారవుతాయి, కాల్చిన తరువాత ఆ సీసం మసిలో మిగులుతుంది. టంబ్లర్ మూత తీసినప్పుడు లేచే ధూళిని పీల్చడం రక్తంలో సీసం పెరగడానికి దారి. పని ఆరుబయట, మాస్కుతో, చేతి తొడుగులతో చేయాలి. నూకలో అమ్మోనియా లేని పాలిష్ కొన్ని చుక్కలు, కాగితపు ముక్కలు వేస్తే ధూళి తగ్గుతుంది. పని ముగిశాక బట్టలు వేరుగా ఉతకాలి, చేతులు కడగకుండా తినకూడదు. తడి పద్ధతిలో మిగిలే మురికినీటిలో కూడా సీసం ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ పనిముట్లు వారి చేతికి అందనంత దూరంలో ఉండాలి.

అడుగుకు కొంచెం పైన మెరిసే వలయం

శుభ్రత పూర్తయ్యాక రైఫిల్ కేసుపై చూడవలసిన మొదటి చోటు ఇదే. అడుగుకు కాస్త పైన చుట్టూ తేలికగా మెరిసే గీత ఉంటే గోడ లోపల సన్నబడి, అక్కడ తెగిపోవడానికి సిద్ధంగా ఉందని అనుమానించాలి. కాగితాల క్లిప్పు చివరను కొద్దిగా వంచి, కేసు లోపలి గోడపై కింది నుండి పైకి లాగితే, లోపం ఉన్నచోట గాడిలో తగిలినట్లు కొన ఆగుతుంది. అలాంటి కేసుతో పాటు, మెడ చీలినదాన్ని, అరచేతిలో కుదిపినప్పుడు తోటివాటిలా ఖణేల్‌మనక మొద్దు చప్పుడు చేసేదాన్ని కూడా పక్కన పెట్టాలి. పక్కన పెట్టిన కేసు మూతిని పట్టకారుతో నొక్కేసిన తరువాతే పాత ఇత్తడి డబ్బాలో వేయాలి, అప్పుడు అది పొరపాటున మంచివాటిలో కలవదు.