అంచు చూశాకే జేబులో చెయ్యి పెట్టండి

కాజీపేటలో మా ఇల్లు పట్టాల పక్కనే. చిన్నప్పుడు రైలు కింద నాణేలు పెట్టి అప్పడాలు చేసేవాళ్లం. ఇప్పుడు అలాంటివే తెచ్చి "మింట్ ఎర్రర్, రెండు వేలు ఇయ్యన్నా" అంటున్నారు! మింట్ ఎర్రర్ అంటే టంకశాలలోనే పొరపాటున తప్పుగా తయారైన నాణెం, సేకరించేవాళ్లు వెతికేది.

అంచు తెగిన నాణెం సంగతి మాత్రం నాకు తలకెక్కింది 300 రూపాయలు పోయాకే. వరంగల్ చౌరస్తాలో కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దంలో చూస్తే ఆ వంపు నిండా ఆకురాయి గీతలు. అసలైన ఎర్రర్‌లో ముద్ర పడకముందే బిళ్ల తెగి ఉంటుంది. అందుకే తెగిన చోటికి సరిగ్గా ఎదురుగా అంచు గట్టు సరిగా లేవదు, చాలాసార్లు మసకగా కనిపిస్తుంది. నాది ఎదురువైపు నిక్షేపంగా ఉంది.

అక్షరాలు తిరగబడి లోపలికి దిగాయా? ఒక ముఖమంతా అద్దంలో బొమ్మలా శుభ్రంగా ఉంటే బ్రాకేజ్ కావచ్చు, అంటే ముందు నాణెం అచ్చుకే అతుక్కుపోయి తర్వాతి బిళ్ల మీద దాని బొమ్మ దిగిన అసలు ఎర్రర్. మామూలు బొమ్మ మీదే తిరగబడ్డ అక్షరాలు పడితే, రెండు నాణేలు కలిపి వైస్‌లో (వర్క్‌షాపు బిగింపు పనిముట్టు) బిగించిన పనే.

బరువు కూడా చూడండి. పాత కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) 5 రూపాయలది 9 గ్రాములు. నేను తెలిసిన బంగారం షాపులో తూకం వేయిస్తాను. యాసిడ్‌లో వేసిందైతే బరువు తగ్గుతుంది, అక్షరాలు అరిగిన సబ్బులా ఉంటాయి.