టెక్సాస్‌లో కొత్త రియల్టర్లు బ్రోకరేజ్‌లో చేరే ముందు చూస్కోవాల్సినవి

స్ప్లిట్ (కమిషన్‌లో మీకెంత, బ్రోకర్‌కెంత అనే వాటా) ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. 70-30 అంటే 9,000 డాలర్ల కమిషన్‌లో 6,300 మనకే అనుకుంటాం, కానీ 6 శాతం ఫ్రాంచైజీ ఫీజు కూడా ఉంటే ఇంకో 540 పోతుంది, ఆపైన ట్రాన్సాక్షన్ ఫీజు, ఇన్సూరెన్స్ అని ఇంకా గీకుతారు, అందుకే మొత్తం లెక్క కాగితం మీద వేయించుకోండి.

మానేస్తే పెండింగ్ డీల్స్ సంగతేంటో అగ్రిమెంట్‌లో చూడండి. లిస్టింగ్ (ఓనర్‌తో ఇల్లు అమ్మిపెట్టే ఒప్పందం) బ్రోకర్‌దే, మీది కాదు.

1099 ఆదాయంలో (జీతంగా కాక కాంట్రాక్టర్‌గా వచ్చేది) టాక్స్ ఎవరూ పట్టుకోరు. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సే 15.3 శాతం, ఇన్‌కమ్ టాక్స్ వేరే.

కమిషన్ 100 శాతం మీకే అంటే నెలవారీ ఫీజు అడగండి, డీల్ లేకపోయినా కట్టాలి (మతలబంతా అక్కడే).

క్యాప్ (ఏడాదిలో బ్రోకర్ మీ దగ్గర తీసుకునే వాటాకి పరిమితి) జనవరికి రీసెట్టా, చేరిన తేదీకా? అక్టోబర్‌లో చేరేవాళ్లకి చాలా తేడా.

ఎంఎల్ఎస్ (అమ్మకానికున్న ఇళ్ల ఉమ్మడి డేటాబేస్) ఫీజుకి, రియల్టర్ల బోర్డు సభ్యత్వ డ్యూస్‌కి డబ్బు ముందే ఉంచుకోండి, మొదటి క్లోజింగ్ దాకా ఆగవు.