పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ముందు

సెలవుల్లో పిల్లలకు ఇచ్చేది తల్లిదండ్రుల ఫోనే అయితే, ముందుగా అందులోని యూపీఐ యాప్‌లకు లాక్ పెట్టి, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా అమర్చాలి. 13 ఏళ్లు నిండని పిల్లలకు వయసు ఎక్కువ చూపి ఖాతా తెరవకుండా, గూగుల్ ఫ్యామిలీ లింక్ ద్వారా పెద్దల పర్యవేక్షణలో ఉండే ఖాతానే తెరవాలి.

ఆటల యాప్‌లలో అపరిచితులతో మాట్లాడే చాట్‌ను, మైక్‌ను ఆపివేయాలి. ఆట కంటే ఆ చాట్‌తోనే ప్రమాదం ఎక్కువ. ఫొటోల విషయంలో అజాగ్రత్త, నిజానికి, పెద్దలదే. కూకట్‌పల్లిలో బడి బస్సు ఎక్కుతున్న పాప ఫొటోను స్టేటస్‌లో పెడితే, యూనిఫాం మీది బ్యాడ్జీ, బస్సు నంబరు, వెనుక కనిపించే అపార్ట్‌మెంట్ పేరు కలిసి ఆ పాప ఏ వేళకు ఎక్కడ ఉంటుందో ఊరందరికీ చెప్పేస్తాయి.

ఎవరైనా ఫొటోలు అడిగినా, బెదిరించినా వచ్చి చెబితే కోప్పడబోమని పిల్లలకు ముందే మాట ఇవ్వాలి, ఎందుకంటే ఫోన్ లాక్కుంటారన్న భయంతోనే చాలామంది నోరు విప్పరు. అటువంటిది జరిగితే సందేశాలను చెరిపివేయకుండా ఉంచి, పిల్లల రక్షణకు 1098కు, డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. హైదరాబాద్ నగరంలో మహిళల భద్రత చూసే పోలీసు బృందాలైన షీ టీమ్స్‌ను కూడా సంప్రదించవచ్చు.